మావాడు ఎంచిన బ్లాకు

సత్తెనపల్లిలో రేకుల షెడ్డు వేసుకుని మావాడు ఆయిల్ ఇంజన్లు, ట్రాక్టర్లు బాగుచేసేవాడు. మధ్యాహ్నం నేను కొడుక్కి క్యారేజీ తీసుకెళ్ళి, వాడు తినేదాకా అక్కడే కూర్చునేదాన్ని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వైపు జేబుల్లోకి వస్తున్న రోజులు. చీమకుర్తిలో గ్రానైటు క్వారీలున్న ఒకాయన మద్రాసు నుంచి పాత జెట్టు పడవ కొని తెచ్చాడు. దానికి మామూలు మోటారు పడవలకున్నట్టు కింద నీళ్ళు తోసే ఫ్యాను ఉండదు. అడుగు నుంచి నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుతోనే పరుగెడుతుంది. కృష్ణలో ఇసుక మేటల మీదుగా దూసుకుపోవాలని ఆయన సరదా. ఇంజను మాత్రం పగిలి ఉంది. పెద్ద షెడ్ల వాళ్ళు మా వల్ల కాదంటే పని మావాడి దగ్గరకొచ్చింది. ఆ ఇంజను నిలబడితే వాడి చేతికి పేరొస్తుంది. నిలబడకపోతే, చేల గట్ల మీద మోటార్లు చూసుకునేవాడికి పడవలెందుకని నవ్వుతారు.

గుంటూరు ఆటోనగర్‌లో తుక్కు కొట్టుకి వాడితో నేనూ వెళ్ళాను. వాడికి బేరమాడటం రాదు. విదేశీ బండ్ల నుంచి తీసిన బ్లాకులు, అంటే పిస్టన్లు ఆడే ఇనప దిమ్మలు, రెండున్నాయి. ఒకటి నీలం రంగేసి, లోపలి సామానంతా ఉండి, చవగ్గా వచ్చేది. రెండోది ఉత్త పెంకు, తుప్పుపట్టి ఇద్దరు లేపలేనంత బరువు. నేను నీలం దాని పక్కన నిలబడ్డాను.

"దీన్ని రెండుసార్లు లోపల తొలిచి బోరు చేశారమ్మా. గోడలు పల్చబడ్డాయి, వేడెక్కితే చీలుద్ది" అన్నాడు.

"కొత్తదానిలా ఉంది గదరా!"

"పెళ్ళిచూపులకి పౌడరేస్తారు. కాపరం చేసేది పౌడరు కాదుగా" అన్నాడు. కొట్టువాడు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"రోడ్డు మీద బండికి పల్లం వస్తే ఊపిరాడుద్ది. నీళ్ళ మీద పల్లం ఉండదమ్మా. అది ఎప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే" అని నచ్చజెప్పాడు. తుప్పు బ్లాకే తీసుకున్నాడు. క్రాంకు, రాడ్లు, పిస్టన్లు కూడా పోత పోసినవి వద్దని, కాచి కొట్టినవే కావాలని మద్రాసు నుంచి తెప్పించాడు. కమ్మరి కొట్టిన కొడవలి వంగుతుంది గానీ విరగదని తెలిసినదాన్నే. అయినా ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా సణిగాను.

పడవను నీళ్ళలో దించే రోజు క్వారీ ఆయన తన వాళ్ళందరినీ కార్లలో తీసుకొచ్చాడు. కృష్ణ రేవు నిండా జనం. పూజకు బంతిపూల దండ నేనే చేశాను. దారం కొనడం దండగని, చిరిగిన మంగళగిరి చీర అంచు పీలికగా చింపి, దాని మీద కట్టాను. కొబ్బరికాయ కొట్టాక మావాడు "పడవ మీది దండ తీసెయ్యమ్మా, ఇంజను వేస్తున్నా" అన్నాడు. తీశాను. దేవుడికి వేసిన పూలు కాళ్ళ కింద పడకూడదు, పారే నీళ్ళలో వదలాలి. మా అత్తగారు నేర్పింది అదే. పడవ పక్కనే వంగి, దండ నీళ్ళలో వదిలి, చేతులు జోడించాను.

పడవ గర్జించి బయల్దేరింది. ఏటి మధ్యకు పోయిందో లేదో ఇంజను గొంతు చించుకుని అరిచింది. పడవ మాత్రం ముందుకు కదలడం లేదు. తెల్లగా ఆవిరి లేచింది. మావాడు ఇంజను ఆపేశాడు.

"పగిలిందిరా బ్లాకు!" అని ఎవరో కేకేశారు.

నాటు పడవతో లాక్కొచ్చారు. క్వారీ ఆయన మొహం ఎర్రబడింది. "ఏమయ్యా, తుప్పు ఇనుము పెట్టావంటే ఏదో అనుకున్నా. జనంలో నా పరువు తీశావే!"

మావాడు పడవలోకి దిగాడు. వెనక మూత విప్పి, నీళ్ళు పీల్చే గొట్టంలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. లాగాడు. ముందు బంతిరేకులు, తర్వాత తాడులా మెలితిరిగిన గుడ్డ, జరీ అంచుతో సహా వచ్చాయి. అందరూ అటే చూశారు.

"ఎవరండీ, పడవకు చీర పెట్టిందీ?" అన్నాడు ఆయన బంధువుల కుర్రాడొకడు. రేవంతా గొల్లున నవ్వింది.

"నేనే" అన్నాను. ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను.

ఆ పడవకు రేడియేటరు లేదు. జెట్టు పీల్చిన నీళ్ళే కొన్ని ఇంజనులో తిరిగి చల్లబరచాలి. దారి మూసుకుపోతే నీళ్ళెక్కడివి? ఇదంతా మావాడు క్వారీ ఆయనకు చెప్తుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. చివర్లో, "తప్పు మా అమ్మది కాదు బాబుగారూ. కింద చెత్త లోపలికి రాకుండా ఉండే జాలీ సందులు నేనే వెడల్పు పెట్టాను. ఏట్లో పూలు, గుడ్డలు ఉండవా?" అన్నాడు. చెంప మీద కొట్టినా అంత కుంగేదాన్ని కాదు.

క్వారీ ఆయన డ్రైవరు బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఇంజను మీద పోయబోయాడు. మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే అప్పుడు పగులుద్ది నిజంగా. చల్లారనివ్వండి."

అందరూ సోడాలు తాగుతూ ఎదురుచూశారు. నేను మెట్టు మీద కూర్చుని, ఆ బ్లాకు పగలకూడదని మొక్కుకున్నాను. ఏ బ్లాకు వద్దని బస్సులో సణిగానో ఆ బ్లాకే.

చల్లారాక మావాడు ఆయిల్ చూసే పుల్ల బయటికి తీశాడు. లోపల పగిలి నీళ్ళు కలిస్తే ఆయిలు పాల టీలా అవుతుందట. గుడ్డతో తుడిచి, ముంచి, మళ్ళీ తీశాడు. శుభ్రమైన ఆయిలు. క్వారీ ఆయనకు చూపించాడు. తర్వాత మెట్ల దాకా వచ్చి నాకూ చూపించాడు.

"నీలం దాన్ని పెట్టుంటే ఈపాటికి చీలేదమ్మా" అన్నాడు మెల్లగా. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పాడు. తలూపాను. వాడి మొహంలోకి చూడలేదు.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఈసారి పడవ ఏటికి ఎదురుగా ఎంత జోరుగా పోయిందో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. ఈలలు విన్నాను, చప్పట్లు విన్నాను. క్వారీ ఆయన మావాడి పేరు పెట్టి కేకలేయడం కూడా విన్నాను. పడవను మాత్రం చూడలేదు. ఆ కాసేపూ తల వంచుకుని మెట్టు మీద రాలిన బంతిరేకులు ఏరుతూ కూర్చున్నాను.