దిష్టి తీసే గుప్పెట

డెబ్భైల మొదట్లో ఒక వానాకాలమంతా నాకు చెవి కారింది. చీము తగ్గాక తల తిరగడం పట్టుకుంది. మంచం మీద పక్కకి ఒత్తిగిలితే చాలు, ఇంటి పెంకులు గిర్రున తిరిగేవి. గుమ్మం దాటబోతే నేల ఒక పక్కకి జారిపోయేది. తొమ్మిదేళ్ళ దాన్ని గోడ పట్టుకుని నడుస్తుంటే బడిలో తోటి గుంటలు నవ్వేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు మేం అనంతగిరి కాఫీ తోటల దగ్గర క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న అక్కడ గుమస్తా. ఆయనది ఒకటే మాట. "దీనికి కొండ గాలి పడతంలేదు. ఆదివారం లోగా తగ్గకపోతే మాయమ్మ దగ్గిర దిగబెట్టేస్తాను." నాయనమ్మ ఊరు ఎక్కడో కింద, మైదానంలో. అమ్మ లేకుండా అక్కడ ఉండటమనేసరికి నాకు అన్నం సహించేది కాదు.

అమ్మ మాత్రం అది దిష్టేనని తేల్చేసింది. పొద్దున్నా సాయంత్రమూ నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పెట్లో పట్టి మొహం చుట్టూ తిప్పేది. ఆ గుప్పెట వెంట నా కళ్ళు తిరిగేవి, కళ్ళతోపాటు తలా తిరిగేది, పీట మీంచి పక్కకి ఒరిగిపోయేదాన్ని. "సూసేరా, ఎలా దిగుతందో" అని నాన్నకి చూపించి, సంబరంగా ఇంకాసేపు తిప్పేది. ఎవరితో చెప్పుకోను?

శనివారం నాన్న అటక మీంచి ట్రంకుపెట్టె దించాడు. అమ్మ ఏడుపు మొహంతో నా గౌన్లు సర్దింది. ఒరగకుండా కూర్చుంటే తగ్గినట్టే కదా అని, ఆ సాయంత్రం నేను గుప్పెట వంక చూడలేదు. ఎదురుగా గోడకున్న మేకునే గుడ్లప్పగించి చూశాను. ఒరగలేదు.

అమ్మ ఉప్పు పొయ్యిలో పడేసి పరుగెత్తుకొచ్చింది. "పోనాదే, దిష్టి పోనాది" అంటూ నా రెండు చేతులూ పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి ఒప్పులకుప్ప తిరగడం మొదలెట్టింది. వద్దంటే దొరికిపోతాను. పళ్ళు బిగబట్టి తిరిగాను. కాఫీ మొక్కలూ, కొండా, అమ్మ నవ్వు మొహమూ కలిసిపోయాయి. అమ్మ ఆగింది గానీ నాకు ఏదీ ఆగలేదు. ఆవిడ చీర మీదే కక్కేసి, కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడుతూ, "తగ్గిపోనాదమ్మా, నిజంగా తగ్గిపోనాది" అంటూనే ఉన్నాను.

అమ్మ అంత పిల్లనీ చంకనేసుకుని ఇంట్లోకెళ్ళి, పెట్టెలోంచి గౌన్లు ఒంటిచేత్తో తీసి మంచం మీద పడేసింది.

"తగ్గనేదు" అంది నాన్నతో. "అయినా పంపను. సోమారం డాక్టరు దగ్గిరికి ముగ్గురం ఎల్దాం. ఇది పడితే నాను పట్టుకుంతాను. దీని ఎనక పరిగెత్తడానికి మీయమ్మకి ఓపిక ఉందేటి?"

నాన్న ఖాళీ పెట్టెని మళ్ళీ అటక మీద పెట్టాడు. నాకింకా తల తిరుగుతూనే ఉంది. అమ్మ నన్ను కిందికి దించలేదు.