ఓర్లీనా కొన్న ఇల్లు, మోజెల్ అమ్మబోయిన ఊట

మేజోళ్ల మిల్లులో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయిన మనిషి ఓర్లీనా ట్వీడ్. లారెల్ గ్యాప్ చర్చిలో నా పక్కనే కూర్చునేది. కూర్చోగానే ముందు బూట్ల తాళ్లు వదులు చేసుకునేది. పెళ్లయిన నాటి నుంచీ, భర్త పోయాక కూడా, అద్దె ట్రైలర్లలోనే, అంటే చక్రాల మీది రేకు ఇళ్లలోనే కాపురం. ఒకచోట చలికాలం పైపులు గడ్డకట్టేవి, ఇంకోచోట ఓనరు కుక్కను పెంచుకోనిచ్చేవాడు కాదు. అయినా ఎవరింట్లో జబ్బు చేసినా చిక్కుళ్ల గిన్నె పట్టుకుని మొదట గుమ్మమెక్కేది ఆమే. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా కోళ్లకు మేత వేసి వెళ్లింది ఎవరో నాకు ఎన్నాళ్లకో గానీ తెలియలేదు.

అలాంటి మనిషి అరవై దాటాక ఇల్లు కొంది. కొండ కింద మోజెల్ క్రిస్ప్ పాత ఇల్లు, చుట్టూ ఎనిమిదెకరాల నేల, వెనక కొన్ని ఆపిల్ చెట్లు. మోజెల్ కూడా మా చర్చి సంఘంలో మనిషే. మోకాళ్లు పట్టేసి, మెట్లెక్కలేక, రోడ్డు పక్కన చిన్న ఇంటికి మారింది.

ఆ పాత ఇంటికి బావి లేదు. తవ్వితే అంతా రాయే. ఇంటిపైన అడవి మోజెల్ అమ్మకుండా ఉంచుకుంది. అందులో ఒక ఊట ఉంది. దాని రాతి తొట్టె నుంచి నల్ల గొట్టం వాలు వెంట దిగి వంటింటి కుళాయికి వస్తుంది. మా వైపు సగం ఇళ్లకు నీళ్లు అలాగే వస్తాయి. ఎవరి ఊట ఎవరి నేలలో ఉందో ఎవరూ రాసుకోరు.

బ్యాంకులో కాగితాలు చూసినాయన అడిగాడు, "నీళ్ల సంగతి ఇందులో లేదేంటమ్మా?"

"గొట్టం ఎప్పటికీ నీదేనని చర్చి గుమ్మంలో నిలబడి చెప్పింది మోజెల్," అంది ఓర్లీనా.

"చెబితే చెప్పారు, రాయించుకోండి."

"పాటల పుస్తకం పంచుకునే మనిషిని కాగితం అడగమంటారా? నువ్వు అబద్ధాలకోరువి అని మొహం మీద అన్నట్టు ఉండదూ?"

నేనూ అక్కడే ఉన్నాను. ఆమె మాట సబబుగానే తోచింది. మా వాళ్లెవరికైనా అలాగే తోచేది.

మరుసటి వసంతంలో అడవిలో చెట్లకు ఎర్ర రిబ్బన్లు కనబడ్డాయి. ఓర్లీనా పైకి వెళ్లి చూస్తే ఊట చుట్టూ హద్దు మేకులు పాతుతున్నారు. పట్నం ఆయనెవరో సెలవులకు వచ్చి ఉండటానికి ఆ అడవి కొంటున్నాడట. తన నేలలో ఇంకొకరి గొట్టం ఉండకూడదన్నాడట. గేటు పెట్టేలోగా గొట్టం తీసేసుకోమని పనివాడు మర్యాదగానే చెప్పాడు.

మోజెల్ ఇంటికి ఓర్లీనాను నేనే కారులో తీసుకెళ్లాను. మోజెల్ వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"ఊట అమ్మేస్తున్నావంట?"

"అడవి అమ్ముతున్నాను, ఊట అందులో ఉంది. నేనేం చేసేది ఓర్లీనా? బావి తవ్వించుకోకూడదూ?"

"రాయిలోనా? మీ ఆయన రెండుసార్లు తవ్వి వదిలేశాడు కదా."

"దేవుడు ఏదో దారి చూపిస్తాడులే."

"చూపించాడు. నువ్వు దానికి గేటు పెట్టిస్తున్నావు."

మోజెల్ మళ్లీ బఠాణీల మీదికి వంగింది. ఓర్లీనా వెళ్లి కారెక్కింది. సంగతి తెలిశాక చర్చి ఆడవాళ్లం వంతులేసుకుని క్యాన్లతో నీళ్లు తెచ్చిపోస్తామన్నాం. మంచి మనసుతోనే అన్నాం. ఆమె మా మీదే విరుచుకుపడింది. "క్యాన్లు మోసుకొచ్చి మీరంతా మంచివాళ్లనిపించుకుంటారు. ఆవిడేమో హాయిగా కూర్చుంటుంది. అక్కర్లేదు."

అమ్మకం సంతకాలు ఇంకా కాకముందే పాదాలు కడిగే ఆదివారం వచ్చింది. మా సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల అయ్యాక ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుని ఒకరి పాదాలు ఒకరం కడుగుతాం. మనసులో పగ ఉంటే ముందు అది తీర్చుకుని రావాలి. మోజెల్ నడుముకు పొడుగాటి తువ్వాలు కట్టుకుని, బేసిను పట్టుకుని, ఏమీ ఎరగనట్టు తిన్నగా వచ్చి ఓర్లీనా ముందు మోకరించింది. ఆ నొప్పి మోకాళ్ల మీదే. జాలిపడాల్సిన నాకు ఒళ్లు మండింది.

ఓర్లీనా కాళ్లు బెంచీ కిందికి లాక్కుంది.

"కాలియ్యి సిస్టర్," అంది మోజెల్ మెల్లగా.

"ఇవ్వను."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నా కుళాయి కట్టేసి నా కాళ్లు కడుగుతావా?"

"ఇది కోర్టు కాదు."

"కోర్టుకు కాగితం కావాలి. నా దగ్గర నీ మాట తప్ప ఏముంది? ఆ మాట ఈ గుమ్మంలో ఇచ్చావు. ఇక్కడే అడుగుతాను."

పాస్టర్ హోబర్ట్ తన తువ్వాలు విప్పేశాడు. "ఆ మాట ఇచ్చారా మోజెల్ సిస్టర్?"

"ఇచ్చాను. ఇప్పుడది రాస్తే ఆయన కొనడు పాస్టర్‌గారూ."

"అయితే ఈ రోజు ఎవరి పాదాలూ కడగడం లేదు. బేసిన్లు బయట పారబోసెయ్యండి."

మా అమ్మమ్మ కాలంలో కూడా అలా ఆగిపోయిందని వినలేదు. బయట బల్లల మీద పెట్టిన భోజనాలు ఎవరివి వాళ్లు మూతలు పెట్టుకుని పట్టుకెళ్లిపోయాం.

ఆ వారం మోజెల్ మా ఇంటికి వచ్చి ఏడ్చింది. "సంఘం ముందు నా పరువు తీసింది."

"నువ్వు నీళ్లే తీసెయ్యబోయావు కదా సిస్టర్," అన్నాను. కాఫీ ఇచ్చాను గానీ ఓదార్చలేదు. తను తాగి కప్పు కడిగిపెట్టి, మా ఇంటి నుంచే లాయరు దగ్గరికి వెళ్లింది. ఊటా గొట్టమూ ఓర్లీనా ఇంటికే చెందుతాయని రాయించింది. పట్నం ఆయన కొనడం మానుకున్నాడు. ఆ అడవి కోసం మళ్లీ ఎవరూ రాలేదు. ఆ సంగతి మోజెల్ ఇప్పటికీ కనబడిన వాళ్లందరికీ చెబుతూనే ఉంటుంది.

తర్వాతి నెల మళ్లీ బేసిన్లు తీశారు. ఈసారి ఓర్లీనాయే వెళ్లి మోజెల్ ముందు మోకరించింది. పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా తుడిచింది. కడిగాక లేచి కౌగలించుకోవడం మా ఆనవాయితీ. మోజెల్ కళ్ల నిండా నీళ్లతో రెండు చేతులూ చాచింది.

ఓర్లీనా బేసిను ఎత్తుకుంది. "జరుగు సిస్టర్, ఒలికిపోతాయి," అని పక్కనుంచి వెళ్లిపోయింది.