గుండ్ల వరుసలో మొదటి వంతు

మా చిత్తూరు ఫుట్‌బాల్ జట్టు వరుసగా రెండో ఏడు లీగులో అడుగున మిగిలిన సాయంత్రం, గ్రౌండు మెట్ల మీద కూర్చున్న మేం ఐదుగురం చప్పట్లు కొట్టాం. మెట్ల కింద గంప పెట్టుకుని సుండలు, అదే ఉడికించిన శనగలు, అమ్మే ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఓడిపోతే సప్పట్లేందప్పా మీకు? ఎండకు బుర్ర తిరిగిందా?"

ఆమెకు విడమర్చి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. మీకు చెబుతాను. మా వైపు లీగులో ఆరు ఊళ్ళ జట్లు ఉన్నాయి. ఏటా వేసవిలో పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను తిరుపతిలో ఒకచోట చేర్చి జట్లకు పంచుతారు. కాగితాల మీద దాన్ని డ్రాఫ్ట్ అని రాస్తారు. మా నోట్లో మాత్రం అది పిల్లకాయల్ని ఏరుకునే రోజు. కిందటి ఏడు అడుగున మిగిలిన జట్టుకు మొదటి వంతు, గెలిచిన జట్టుకు చివరి వంతు. అంటే అందరికంటే చెత్తగా ఆడినవాళ్ళకు అందరికంటే మంచి పిల్లవాడు దొరుకుతాడు. అందుకే ఆ చప్పట్లు.

కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. వరుసగా మూడేళ్ళు అడుగున ఉంటే ఆ జట్టును లీగులోంచి తీసేస్తారు. మాకు రెండేళ్ళు అయిపోయాయి. మొదటి ఏడు ఓడాక మేం ఏరుకున్న మహానుభావుడు రెండు నెలలు ఆడి, బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని బూట్లు కూడా వదిలేసి వెళ్ళిపోయాడు. ఇక ఈసారి తెచ్చుకునే ఒక్క పిల్లవాడి మీదే మా జట్టు ఉండడమో పోవడమో ఆధారపడింది.

నాకు చిత్తూరు కోర్టు పక్క వీధిలో జెరాక్సు కొట్టు ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఊళ్ళో వాళ్ళందరికీ అర్జీలు రాసిపెట్టడం నా పని. ఏరుకునే రోజుకు ముందు రెండు నెలలూ నేను రాసినవి అర్జీలు కావు, జాబితాలు. ఎవణ్ణి ఏరుకోవాలి, వాడు దక్కకపోతే ఎవణ్ణి, రేణిగుంట వాళ్ళు ఎవడి మీద కన్నేశారు, సూళ్లూరుపేట వాళ్ళకు గోల్‌కీపరు కావాలా ముందుండి ఆడేవాడు కావాలా. మా ఐదుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు. పొద్దున ఐదింటికే మొదలయ్యేది. ఒకడు ఒక పేరు ఎత్తితే ఇంకొకడు వాడి మోకాలు మంచిది కాదనేవాడు. ఏ డాక్టరు చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి. "ఈ ఇల్లు కొనేటప్పుడు గూడా ఇన్ని తూర్లు పొయ్యి సూడలేదే నువ్వు," అని మా ఆవిడ దెప్పేది.

ఏరుకునే రోజుకు ముందు రెండు ఆదివారాలు తిరుపతిలో ఆ పిల్లలతో ఆటలు ఆడించి చూపిస్తారు. మేం బస్సులో నిలబడే వెళ్ళేవాళ్ళం, సీట్లన్నీ కొండకు పోయేవాళ్ళతో నిండిపోయి ఉండేవి. మొదటి ఆదివారం పది నిమిషాల్లోనే మా అందరి కళ్ళూ ఒకడి మీదే పడ్డాయి. అక్కడి స్పోర్ట్సు హాస్టల్ పిల్లల్లో ఒకడు. తల నిండా రింగులు రింగులుగా పెద్ద జుట్టు. ఎడమ కాలితో బంతిని తీసుకుని నలుగురి మధ్యలోంచి తన ఇంట్లో తిరిగినట్టు తిరిగి వచ్చాడు. మా జట్టు కార్యదర్శి రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నొప్పి పుట్టినా నేను విడిపించుకోలేదు.

"వీడేనప్పా," అన్నాడు మాస్టారు. "కానీ ఒక్కడు గూడా పోయి వాడి పేరు అడగొద్దు. పేరడిగితే పక్కోడి సెవిలో పడతాది. రేణిగుంటోళ్ళు సూస్తా ఉండారు."

"పేరు లేకుండా ఎట్ట మాస్టారూ? ఆ పొద్దు ఏమని పిలస్తాము?"

"ఆ జుట్టు సాలదా? అలిపిరి కాడ నిలబడినా కనపడతాది. నువ్వు నోరు మూసుకో."

నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే. ఒకరికి నాలుగు కాగితాలు రాసిపెడితే మొదటి వరుసలో పేరు లేకుండా ఒక్కటీ రాయను. అటువంటివాణ్ణి, మా జట్టు బతుకు విషయంలో మాత్రం పేరు వద్దంటే సరేనన్నాను. సగం ఆట కాగానే పిల్లల చొక్కాలు మార్చేవాళ్ళు కాబట్టి నంబరు గుర్తుపెట్టుకునే వీలు కూడా లేదు. మాకు మిగిలిన గుర్తు ఆ జుట్టు ఒక్కటే.

గ్రూపులో కూడా రహస్యమే. ఎవరి ఫోను ఎవరి చేతికి పోతుందోనని వాడికి కొత్తిమీర కట్ట అని పేరు పెట్టుకున్నాం. 'కొత్తిమీర రేణిగుంట వాళ్ళ కంట్లో పడిందా?' 'కొత్తిమీర ఈ వారం ఇంకా బాగుంది.' 'కొత్తిమీర మనకు తప్ప ఇంకెవరికీ పోకూడదు.' ఒకనాడు మా ఆవిడ ఇవన్నీ చదివి, ఫోను నా ముందు పెట్టింది. "ఐదుగురు మొగోళ్ళు కొత్తిమీర కోసరం తిరపతి దాకా పోతారా? మన సందు సివర అమ్మతా ఉండాది గదయ్యా," అంది. నవ్విందో తిట్టిందో తెలియదు. ఆ పూట కూరలో కొత్తిమీర మాత్రం లేదు.

ఆ రోజు రానే వచ్చింది. తిరుపతి గ్రౌండులో షామియానా, బల్ల, మైకు. మేం గంట ముందే చేరి ముందు వరుసలో కూర్చున్నాం. కాసేపటికి నలభై మంది పిల్లలు ఒకే రకం తెల్ల చొక్కాల్లో, గుండెల మీద నంబరు కాగితాలు పిన్ను పెట్టుకుని వచ్చి వరుసగా నిలబడ్డారు. నేను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాను. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు చూశాను. రింగుల జుట్టు ఎక్కడా లేదు.

మా ప్రాంతంలో గుండును ఎవరూ తిరిగి చూడరు. బస్సులో గుండ్లు, హోటల్లో గుండ్లు, మా ఇంట్లో పెళ్ళి ఫోటోలో సగం గుండ్లే. ఆ రోజు మాత్రం ఆ వరుసలో గంధం పూసిన గుండ్లు పదకొండు కనిపించేసరికి ఒక్కోదాన్నీ వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. హాస్టల్ పిల్లలు ఏదో పోటీలో గెలిస్తే అందరూ తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నారట. గెలిచారట. రెండు రోజుల ముందు నడిచి కొండెక్కి మొక్కు తీర్చుకున్నారట. ఈ సంగతి మా వెనక కుర్చీలో ఆయన తీరిగ్గా చెప్పాడు.

పిల్లల పేర్ల జాబితా మా చేతిలో పెట్టారు. హాస్టల్ పిల్లల పదకొండు పేర్లూ ఉన్నాయి. అందులో మావాడి పేరు ఏదో మాకు తెలిస్తే కదా.

"సిత్తూరు, మొదటి వంతు. రెండు నిమిషాలు," అని మైకులో పిలిచారు.

"వాడిది ఎడమ కాలు గదా, సూడు," అన్నాడు మాస్టారు. ఊరికే నిలబడిన పిల్లవాడిలో ఎడమ కాలు ఎట్లా కనిపిస్తుంది? ఒకడు పొడుగు అన్నాడు, ఇంకొకడు కాదు, ఆ పొడుగంతా జుట్టుదే అన్నాడు. టైము చూసే ఆయన విజిలు నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు నేనే అన్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి, "ఇరవై మూడో నంబరు మాస్టారూ, ఆ డొప్ప సెవులు వాడివే." జుట్టు ఉన్నన్నాళ్ళూ వాడికి చెవులు ఉన్నాయని కూడా మేం చూడలేదు. అయినా అంత గట్టిగా చెప్పాను. మాస్టారు లేచి ఇరవై మూడు అన్నాడు.

రెండో వంతు రేణిగుంట వాళ్ళది. వాళ్ళ మనిషి జాబితాలో చూసి ఒక పేరు చదివాడు. పక్కనే ఉన్న గుండు ముందుకు వచ్చాడు. ఎవరో బంతి దొర్లిస్తే ఎడమ కాలితో తీసి, రెండు సార్లు ఎగరేసి, తిరిగి ఇచ్చాడు. వాడే, మా కొత్తిమీర. తర్వాత నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆ రేణిగుంట ఆయన కనిపిస్తే, ఎట్లా గుర్తుపట్టినారని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"మొదటి ఆదివారమే పేరడిగినాము గదప్పా," అన్నాడు.

అయితే ఒక దారి ఇంకా మిగిలే ఉంది. గుర్తింపులో పొరపాటు జరిగితే, భోజనాల వేళ లోపు రాసి ఇస్తే, మాదీ రేణిగుంట వాళ్ళదీ రెండు ఎంపికలూ రద్దు చేసి మళ్ళీ పిలుస్తారని నిబంధన. మాస్టారు నా వైపు తిరిగాడు. "రాయప్పా. నీ కంటే బాగా రాసేవాడు ఈడ ఎవురుండారు?" అన్నాడు. రాశాను. నా బతుకులో రాసిన అర్జీలన్నిటిలోకీ అది బాగా వచ్చింది. అయ్యా, మేం కోరుకున్నది ఇరవై మూడో నంబరు కుర్రవాణ్ణి కాదు, అని మొదలుపెట్టాను.

ఆ కాగితం పట్టుకుని షామియానా వెనక నుంచి బల్ల దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ గోడ పక్కన ఇరవై మూడో నంబరు ఎవరిదో ఫోను అడిగి తీసుకుని వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. ఆమె రేణిగుంటలో ఫ్యాక్టరీలో పని చేస్తుందట, ఆ రోజు సెలవు దొరకలేదట.

"మా, నన్నే పిలిసినారు. అందరికంటే ముందు నన్నే. అవునుమా, మైకులోనే. నలభై మందిలో ముందు నన్నే... ఏడస్తా ఉండావా? యాలమా?"

నేను అక్కడే నిలబడిపోయాను. బల్ల పది అడుగుల్లో ఉంది. మాస్టారు, ఇన్నేళ్ళ జట్టు, మెట్ల మీద మేం ఐదుగురం, అన్నీ గుర్తుకొచ్చాయి. కోపం వచ్చింది. వాడి మీద, వాళ్ళమ్మ మీద, మొక్కుకున్న హాస్టలు మీద, అందరికంటే ఎక్కువ నా మీద. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. వెనక్కి వచ్చి, "టైం అయిపోయిందన్నారు మాస్టారూ," అని చెప్పాను. ఆయన నా మాట నమ్మాడు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ పిల్లవాడు ఆ ఏడంతా మా జట్టులో వెనక కుడివైపు ఆడాడు. చెడ్డగా ఆడలేదు. గొప్పగా కూడా ఆడలేదు. పరుగెత్తమంటే పరుగెత్తేవాడు, వానలో కూడా ప్రాక్టీసు మానేవాడు కాదు. మెట్ల మీద నుంచి వాణ్ణి అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. "రేయ్, బంతి ఆడుండాది రా, యాడ సూస్తా ఉండావు?" అని అరిచి అరిచి గొంతు పోయేది. ఇంటికొచ్చి, ఏ ముఖం పెట్టుకుని అరిచానా అని విసుక్కునేవాణ్ణి.

చివరి ఆట రేణిగుంటతోనే పడింది. సమానంగా ముగిస్తే చాలు, గట్టెక్కుతాం. రింగుల జుట్టు మళ్ళీ పెరిగి, ఎండలో మెరుస్తూ గ్రౌండంతా వాడే కనిపించాడు. రెండు గోల్సు వేశాడు. రెండోసారి మావాడు వాడి వెనక పడి పరుగెత్తి, కాలు చాచి, అందక బోర్లా పడ్డాడు. మేం మూడో ఏడు కూడా అడుగున మిగిలాం. మాస్టారు బంతుల సంచి భుజాన వేసుకుని మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

సుండలు అమ్మే ఆమె గంప ఎత్తుకుంటూ ఆగింది. "ఈ తూరి కొట్టరేమప్పా సప్పట్లు?" అంది. పాపం, ఆమె నిజంగానే అడిగింది.

జట్టు పోయింది. పద్దెనిమిది దాటని మా పిల్లలు మళ్ళీ ఆ వరుసలో నిలబడొచ్చని కబురొచ్చింది. పోయిన వారం మావాడు దరఖాస్తు పట్టుకుని నా కొట్టుకు వచ్చాడు, జెరాక్సు కావాలని. చొక్కా నీట్‌గా ఇస్త్రీ చేసుకున్నాడు. కాగితం మిషనులో పెడుతుంటే మెల్లగా అడిగాడు.

"అన్నా, ఈ తూరి గూడా గుండు కొట్టించుకోని పోదునా?"

నా చెయ్యి మిషను మీదే ఆగిపోయింది.

"నీకు తెలుసునా?"

"ఆ పొద్దే తెలుసన్నా. మొదట పిలిసేది ఆ రింగుల జుట్టోణ్ణే అని మా హాస్టల్లో అందురికీ తెలుసు. మీరు కాగితం పట్టుకోని వచ్చింది గూడా సూసినా."

"మరి అప్పుడే సెప్పొచ్చు గదరా!"

"మా అమ్మకు సెప్పేసినా గదన్నా," అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపును కోపం కింద మార్చుకుని, "గుండూ లేదు ఏమీ లేదు, పో, ఆడ కూసో," అని కసిరాను. తర్వాత ఫోను తీసి సూళ్లూరుపేట జట్టు కార్యదర్శికి చేశాను. మా జట్టు పోయింది కాబట్టి, మాకు పై మెట్టు మీద మిగిలిన వాళ్ళదే ఈసారి మొదటి వంతు.

"అబ్బా, కుడిపక్క ఆడేవాడు ఒకడుండాడు. వానలో గూడా ప్రాక్టీసు మానడు. జుట్టు, సెవులు, అయ్యేమీ సూడబాకు. పెన్ను తీసుకో. పేరు రాసుకో," అని, దరఖాస్తులో ఉన్న వాడి పేరు రెండు సార్లు, అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాను.