పేరు కొట్టించిన పుస్తకం

ఆ రోజుల్లో ఒక వస్తువు మనదీ అంటే దాని మీద మన పేరు ఉండేది. ఆ రోజులంటే మరీ రాజుల కాలం కాదు. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేశాయి, నేను మాత్రం ఇప్పటికంటే కాస్త సన్నగా ఉండేదాన్ని (నవ్వకుండా రాయి అమ్మాయ్). నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా చిన్న ఆడపడుచు, బాపట్లలో పంతులమ్మ. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ, రాయమంటే నా కలం సంతకం దాటి ముందుకు పోదు. మా ఆయన పోయి ఏడాది తిరిగాక తెనాలిలో ఒక లేడీస్ టైలరు షాపులో పనికి కుదిరాను. జాకెట్లకు హుక్కులు, చీరలకు ఫాల్సు కుట్టడం నా పని. షాపు ఒక ఆపాది (ముస్లిం ఇళ్ళలో అక్కను అలా పిలుస్తారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం). ఆవిడ కత్తెర పెడితే గుడ్డా, నోరు తెరిస్తే మనిషీ రెండు ముక్కలయ్యేవారు.

అప్పుడే ఈ ఆడపడుచు తాను కొత్తది కొనుక్కుని, తెర మీద పుస్తకాలు చదువుకునే తన పాత యంత్రం నా చేతిలో పెట్టింది. పలక కంటే చిన్నది, అప్పడం కంటే మందం. "వదినా, ఇందులో అక్షరాల్ని నీకెంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు" అంది. నేను బస్సు బోర్డులంత చేయించుకున్నాను, అప్పటిదాకా నేను చదివిన సాహిత్యం అదే కాబట్టి. నా జీతంతో ఒక నవల కూడా కొనిపించుకున్నాను. తండ్రి రాసిచ్చిన ఇంట్లోంచి సవతి అన్న బయటికి గెంటేస్తే, ఆ ఇంటి కోసం కోర్టుకెక్కిన ఒక లారీ డ్రైవరు పిల్ల కథ అది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక షాపులో అందరికీ పైకి చదివి వినిపించేదాన్ని. ఆపా మిషను తొక్కుతూ, "నీ చదువు రేపల్లె పాసింజరు కంటే నెమ్మదే! అదన్నా స్టేషన్లో ఆగుద్ది, నువ్వు ప్రతి అక్షరం కాడా ఆగుతావు" అనేది. అంటూనే, ఆ పిల్ల సామాన్లు వీధిలో పడేసిన చోట మిషను ఆపేసి ముక్కు చీదుకుంది. నేను చూశాను. చూసినట్టు చెబితే ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను.

ఆ యంత్రం మీద నాకు ఎంత మోజు పుట్టిందంటే, బజారులో స్టీలు సామాన్ల షాపుకు తీసుకెళ్ళి, దాని వెనకాల పేరు కొట్టమన్నాను. మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా పేర్లున్నాయి గానీ ఒక్కటీ నాది కాదు. పుట్టింటి నుంచి తెచ్చినవాటి మీద మా నాన్న పేరు, ఇక్కడ కొన్నవాటి మీద మా ఆయన పేరు, గృహప్రవేశాల్లో ఇచ్చినవాటి మీద ఎవరెవరివో పేర్లు. ఇది ఒక్కటైనా నా పేరుతో ఉండాలని నా పట్టుదల. షాపులో పేర్లు కొట్టే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అక్కా, ఇది స్టీలు కాదు, ప్లాస్టిక్కు. లోన ఏదన్నా పగిలితే నన్ననొద్దు" అన్నాడు. "పగిలితే నాది పగులుద్ది, నువ్వు కొట్టు" అన్నాను. జుయ్‌మని కొట్టాడు. మా ఇంటిపేరుతో సహా కొట్టించాను. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి, నా నడకలాగే. ఇక దాన్ని దేవుడు కూడా తీసుకోలేడని ధీమాగా ఇంటికొచ్చాను. దేవుడు తీసుకోలేదు, పాపం ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు.

ఒక శనివారం పని ఆపి సాయంత్రం దాకా చదివితే కథ కోర్టు తీర్పు దాకా వచ్చింది. "జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని, గొంతు సర్దుకుని..." అని చదివేసరికి షాపు మూసే వేళయింది. మర్నాడు ఆదివారం, నేను రేపల్లెలో మా చెల్లెలింటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆపా గుమ్మం దాకా వచ్చి, "ఇదిగో, ఒక్కదానివే ముందుగా చదివేసుకున్నావంటే నీ హుక్కులన్నీ ఊడదీయిస్తా" అని హెచ్చరించింది. నేను చదవలేదు, ఒట్టు. మా మరిదిగారు (చెల్లెలి భర్త, తెలిసినా తెలియకపోయినా ప్రతి వస్తువునూ బాగుచేసే మనిషి) "వదినగారూ, దీనికి వైఫై లేక చిక్కిపోయిందండి, కాస్త పెడతా ఉండండి" అంటూ ఏవో నొక్కాడు. నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి చూస్తే నవల లేదు. జడ్జి లేడు, ఇల్లు లేదు, లారీ పిల్ల లేదు. తెల్లటి తెర మీద ఏదో ఒక్క ముక్క రాసి ఉంది. మా మరిదిగారు చదివి, "కంపెనీవాళ్ళు తీసేశారంటండి" అని, తన పని అయిపోయినట్టు పేపరు పట్టుకున్నాడు.

తిరుగు రైల్లో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటుందనే ఆశతో యంత్రాన్ని బోర్లించి దులిపాను. ఒకసారి కాదు. ఎదురు సీటు పెద్దాయన ఎంతోసేపు చూసి, "ఏంటమ్మా, చీమలు పట్టినయ్యా?" అని అడిగాడు. "లేదండి, జడ్జిగారు పడిపోయారు" అన్నాను. ఆయన సంచీ దగ్గరకు లాక్కున్నాడు. తర్వాతి స్టేషన్లో సీటు మారాడు.

మర్నాడు షాపులోంచే కంపెనీకి ఫోను చేయించాను. అందరూ వినేలా స్పీకరు పెట్టారు. అవతల ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో, "మేడమ్, ఆ పుస్తకం ప్రస్తుతం అందుబాటులో లేదండి" అంది.

"శనివారం దాకా నా ఒళ్ళో ఉందమ్మా."

"మేడమ్, మీరు కొన్నది పుస్తకం కాదండి. చదువుకోవడానికి అనుమతి అండి."

"రెండో తరగతిలో బడి మానేసిన దాన్ని, నాకు చదువుకోవడానికి అనుమతి అమ్మారా? దాని వెనకాల నా పేరు కొట్టించా తెలుసా?"

"పేరు ఎకౌంటులో ఉండాలండి. అందులో మీ ఆడపడుచుగారి పేరుందండి."

(చూశావా, ఇందులోనూ నీ పేరే. రాసుకో.)

"అమ్మాయ్, నువ్వు బజారులో చీర కొనుక్కుని కట్టుకుని వెళ్తున్నావు. నడిరోడ్డు మీద షాపువాడొచ్చి, తమరు కొన్నది చీర కాదండి, కట్టుకునే అనుమతి అని కొంగు పట్టుకుంటే ఊరుకుంటావా?"

అవతల గొంతులో తేనె తగ్గింది. చిన్నగా, "ఊరుకోనండి" అంది ఆ పిల్ల. వెంటనే ఎవరో గిల్లినట్టు, "మీకు ఇంకేమైనా సహాయం కావాలా అండి?" అంది. కావాలన్నాను, జడ్జిగారు ఏమన్నాడో చెప్పమని. తనూ ఆ పుస్తకం చదవలేదంది. వెయ్యి పుస్తకాలు అమ్ముకుంటూ ఒక్కటీ చదవని కొట్టు అది!

ఆపా ఫోను పక్కన పెట్టి నా వంక చూసింది. "మరి ఆ పిల్ల ఇల్లు ఏమైనట్టు? రాత్రంతా నాకు నిద్ర లేదు. నువ్వే చెప్పు తీర్పు." నాకేం తెలుసన్నాను. "ఇన్నాళ్ళూ దాంతో కాపరం చేశావు, నీకు కాక ఎవరికి తెలుసు? చెప్పు!" అని కత్తెర బల్ల మీద కొట్టింది, అచ్చం కోర్టులోలాగే. నేను గొంతు సర్దుకున్నాను. ఇల్లు ఆ పిల్లదేనని, సవతి అన్న తన చేత్తోనే గుమ్మానికి ఆ పిల్ల పేరున్న బోర్డు కొట్టాలని, అది వంకరగా ఉంటే ఊడదీసి మళ్ళీ కొట్టాలని తీర్పిచ్చాను. ఆపా చప్పట్లు కొట్టింది. ఆ రోజు హుక్కులన్నీ తప్పుగా కుట్టాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత మా ఆడపడుచు బాపట్లలో ఆ నవల కాగితం పుస్తకం ఎక్కడో వెతికి తెచ్చింది. అందరం కూర్చుని చదివాం. జడ్జిగారు గొంతు సర్దుకుని కేసు వాయిదా వేశాడు. ఇల్లు సంగతి తేలకుండానే ఆ పిల్ల లాయరును పెళ్ళి చేసుకుంది. "ఛీ, మన తీర్పే నయం" అంది ఆపా. ఆ పుస్తకం ఇప్పటికీ వీధంతా తిరుగుతూనే ఉంది. కూర మరకలతో వస్తుంది, అట్ట ఊడి వస్తుంది, కానీ వస్తుంది.

యంత్రం ఆ తర్వాత వెలగడం మానేసింది. పెరుగు గిన్నెకు మూతగా సరిగ్గా సరిపోయింది. తోడు పెరుగు గిన్నెతో పాటు అది పక్కింటికి వెళ్ళినా, వెనకాల పేరు చూసి తెచ్చిచ్చేస్తారు. మొన్న దాన్ని కడుగుతూ ఆ వంకర అక్షరాలను వేలితో తడిమాను. రేపల్లె రైల్లో దాన్ని బోర్లించి దులుపుతున్న ఆ పిల్ల, అదే, అప్పటి నేను, ఇప్పుడు నాకు ఎదురైతే, సీటు మాత్రం మారను. పక్కకు జరిగి చోటిచ్చి, "దులుపు తల్లీ, ఇంకాస్త గట్టిగా దులుపు" అంటాను.