కోయని చేలో చల్లిన మినుములు

ఆ వారం సీతారావమ్మ ఒకచోట కూర్చుంటే ఒట్టు. పామర్రు దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయిన మనిషి. ఊళ్లో సగం మందికి చిన్నప్పుడు గుడ్డు ఒలిచి పెట్టిన చెయ్యి ఇప్పుడు ఒక్క సంతకానికి ఆడటం లేదు.

చుట్టూ ఇరవై ఎకరాల వాళ్లూ చేపల చెరువుకి ఒప్పుకున్నారు. మధ్యలో ఆమెవి రెండెకరాలు. ఆమె కాదంటే చెరువు లేదు. సరేనంటే ఆ చేను కౌలుకు చేసే మణెమ్మకు బతుకుతెరువు లేదు. సోమవారం గ్రామసభలో తేల్చి చెప్పాలి.

చెరువు వాళ్ల తరఫున కాగితం తెచ్చిన జయంత్ ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాడే.

"వరి కౌలుకి రెండింతలు వస్తుందండీ టీచరుగారూ. మీ పక్క చేను బసవయ్యగారి మోకాళ్ల ఆపరేషను కూడా దీనిమీదే ఉంది."

"తూర్పు చెరువులు తవ్వినకాణ్ణుంచీ బోరు నీళ్లు ఉప్పన. టీ పెడితే పాలు విరుగుతున్నయ్యి."

"క్యాన్ నీళ్లు ఉన్నాయి కదండీ!"

"అంగన్‌వాడీ పిల్లలందరికీ నువ్వు పోయిస్తావుట్రా?"

జయంత్ నవ్వేసి కాగితం బల్లమీద పెట్టి వెళ్లాడు.

అతన్ని తప్పుపట్టలేకపోయింది. తన ఇంటి స్లాబు కూడా కారుతోంది. పెన్ను తీసింది, పెట్టేసింది. బసవయ్య ఇంటికి బయల్దేరి గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే చేనుకు వెళ్లింది. పండిన వరిలోకి దిగి మణెమ్మ మినుములు చల్లుతోంది. కోతకు ముందే తడి నేలలో చల్లితే, వరి కోసేనాటికి మొలక వస్తుంది. వరి మీదే కౌలు. మినుము పూర్తిగా సాగు చేసుకున్నవాళ్లదే.

"ఎవరు చల్లమన్నారే?"

"ఏటా మిమ్మల్నడిగే చల్లుతున్నానా అమ్మగారూ? నేలలో పదును పోతే మళ్లీ వస్తదా?"

"సంతకం సంగతి తెలీదూ?"

"మీరింకా పెట్టలేదని తెలుసు. అందుకే చల్లేస్తన్నా."

"రేపు పెడితే?"

మణెమ్మ గంపలోంచి ఇంకో గుప్పెడు తీసింది. వరిలోకి చల్లింది.

సభలో సీతారావమ్మ సంతకం పెట్టని కాగితాన్నే జయంత్ చేతికిచ్చింది. "మినుములు పడ్డాయి. పీకేదాకా చేను మణెమ్మది. కోతకి మిషను కూడా దించను, మొలక తొక్కేస్తది. మనుషుల్ని పెడతా."

"పీకాక సంతకం పెడతారా?" కాలు చాపుకుని కూర్చున్న బసవయ్య అడిగాడు.

"తెలీదు బసవయ్యగారూ."

"చెరువోళ్లు అందాకా ఆగరండీ." కుర్చీ పట్టుకుని లేచాడు. సీతారావమ్మ చెయ్యి అందించబోయింది. ఆయన జయంత్ భుజం పట్టుకున్నాడు.