దేవదానం సారు గంట

దేవదానం సారు నా కొట్టుకు వస్తే హెల్మెట్ తీయడు. అది తీసేలోపు చెప్పదలచుకున్నది చల్లారిపోతుందని భయం కాబోలు. మొన్న డిసెంబరులోనూ అలాగే వచ్చి, అద్దం వెనక నుంచే అరిచాడు.

"తమ్మీ, టైము మరువని చిప్పు గావాలె! కరెంటు పోయినా దానికి టైము యాదికుండాలె. ఉన్నదా?"

"ఉన్నది సార్. ఈసారి ఏం గుణం నేర్పుతాన్రు పోరగాండ్లకు?"

"టైముకు వచ్చుడు!" అన్నాడు, అది తానే కనిపెట్టినట్టు.

ధర్మసాగర్ సెంటర్లో నేను సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. ఆయన అక్కడికి నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న సర్కారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు. వయసు నలభై ఏడు. ఇల్లు కాజీపేటలో. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. నిమిషం తప్పితే ఏం జరుగుతుందో ఆ ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునేవారట. పద్దెనిమిదేళ్ల సర్వీసులో సారు బడికి ఆలస్యంగా వెళ్లింది రెండుసార్లే. అడగకపోయినా ఆ రెండు తేదీలూ చెబుతాడు.

నాకు నీతి పాఠాలంటే పడదు. నేను చదివిన బడిలో 'సత్యమే పలకాలి' అని గోడ మీద రాయించిన సార్లే, తనిఖీ రోజున అడగబోయే ప్రశ్నలకు జవాబులు మాతో ముందే బట్టీ పట్టించారు. కానీ ఈయన పద్ధతి వేరు. శనివారం ఆఖరున నీతివిద్య పీరియడ్ ఉంటుంది. మామూలుగా ఆ పీరియడ్‌లో పిల్లలు ఆవరణ ఊడుస్తారు. ఈయన అడిగి మరీ దాన్ని తీసుకున్నాడు. "గుణం చెప్తే రాదు తమ్మీ, చేతులతోని చేస్తే వస్తది" అంటాడు. నా దగ్గర తెర పగిలిన ఫోన్లన్నీ ఆయన బడికే పోయాయి. ఒకదాన్ని పిల్లలు అట్టపెట్టెలో బిగించి 'తప్పయింది డబ్బా' అని పేరు పెట్టారు. కొట్లాడుకున్నవాళ్లు అందులో క్షమాపణ మాట రికార్డు చేయాలి, అవతలివాళ్లు వచ్చి వినాలి. మొదటి వారం తొంభై మాటలు పడ్డాయి. సగం కొత్త తిట్లే. సారు ఏమాత్రం కుంగలేదు. మరుసటి నెల నల్లాకు మీటరు కట్టించి, ఎవరూ తాగకుండా కారిపోయిన నీళ్లు ఎన్ని లీటర్లో గోడ మీద ఎర్రగా వెలిగేలా చేయించాడు.

ఇప్పుడు గంట. ఆ బడిలో గంటంటే వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టేది సమ్మమ్మ. తాళాలు తీసేదీ, గదులు ఊడ్చేదీ ఆమే, ఇరవై ఏళ్లుగా. ఏటా జనవరి వచ్చిందంటే ఆమె గంట ఐదు నిమిషాలో, ఎనిమిది నిమిషాలో వెనకబడుతుందని దేవదానం సారు పళ్లు కొరికేవాడు. చలికి బద్ధకమనుకున్నాడు.

పదో తరగతి పిల్లలు దానికదే మోగే గంట తయారుచేశారు. ప్రోగ్రాం రాసింది భానుచందర్. వాడి ఇల్లు బడి గోడకు ఆనుకునే ఉంటుంది. వైర్లు అతికింది శ్రీలత. ఆ పిల్ల కాలువ అవతలి వాడ నుంచి రెండు కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఆమె అతికిన అతుకు చూసి నేనే ఆశ్చర్యపోయాను, అంత శుభ్రంగా నాకూ రాదు. సారు తమ ప్రార్థన మందిరం నుంచి పాత మైకు హారను తెచ్చాడు.

జనవరి మొదటి సోమవారం సరిగ్గా తొమ్మిదిన్నరకు హారను ఊరంతా దద్దరిల్లేలా మోగింది. దాని వెంటే భానుచందర్ గొంతు: "తొమ్మిదిన్నర అయింది! టైముకు వచ్చుడు మంచి గుణం!" లెక్కల సారు చేతిలో చాయ్ గ్లాసుతోనే పరుగెత్తాడు. ప్రధానోపాధ్యాయురాలు విజయలక్ష్మి మేడం అప్పుడే గేటు ముందు ఆటో దిగుతూ, ఒక కాలు కింద, ఒక కాలు లోపల ఉండగా ఆగిపోయింది. పిల్లలు చప్పట్లు, ఈలలు. దేవదానం సారు గేటు దగ్గర ఎగిరి గంతేశాడు.

సమ్మమ్మ ఒక్కతే ఇనుప రాడ్డు చేత్తో పట్టుకుని కాలువ కట్ట వైపు చూస్తూ నిలబడింది.

"సారూ, నీ డబ్బాకు కండ్లున్నయా?"

"కండ్లెందుకే అక్కా, గడియారముంటే!"

ఆటోలో దొరికిపోయిన చిన్నతనమో ఏమో, మేడం ఆ రోజే ఉత్తర్వు వేసింది. గంట మోగగానే గేటు మూయాలి. మూడుసార్లు ఆలస్యమైతే తల్లిదండ్రులను తీసుకురావాలి. గంట ఫోటోలు అధికారుల గ్రూపుకు పంపింది. వారంలో జిల్లా ప్రదర్శనకు పిలుపొచ్చింది. సారు హెల్మెట్‌తోనే నా కొట్టులోకి వచ్చి, నన్ను పట్టుకుని ఊపేశాడు. పద్దెనిమిదేళ్లలో ఆయనకు అలాంటి పిలుపు రావడం అదే మొదటిసారి.

అదే వారంలో కాలువ అవతలి వాడకు చెందిన ఏడుగురు ఆడపిల్లలు గేటు బయట నిలబడ్డారు. వరసగా మూడు రోజులు. నాలుగో రోజు నుంచి రాలేదు. వాళ్లలో శ్రీలత ఉంది. పదో తరగతి పరీక్షలకు రెండు నెలలుంది.

తన గంటకు వైర్లు అతికిన పిల్లే కనిపించకపోయేసరికి సారు తిన్నగా వేపచెట్టు దగ్గరికి పోయాడు. సమ్మమ్మను అడిగాడు.

"మిర్చి ఏరుడు మొదలాయె గద సారూ" అంది ఆమె, ఊడవడం ఆపకుండానే. "తల్లులు ఆరింటికే ట్రాలీ ఎక్కి పోతరు. చిన్నోళ్లను ఈ పోరిలే చూసుకోవాలె. తొమ్మిదింటికి అంగన్‌వాడీ తెరుస్తరు. అండ్ల దింపి ఉరికొస్తరు. కట్ట మీద నీలం డ్రస్సులు కనవడంగనే నేను గంట కొట్టేది."

"ఇన్నేండ్లు? ఎవరికన్న చెప్పినవా?"

"ఎవరన్న అడిగిన్రా? ఆ పోరిలకే తెల్వదు. రోజూ టైముకే వస్తానమనుకునేటోళ్లు."

"మరి తల్లిని తీసుకొచ్చి మేడంతో మాట్లాడియ్యచ్చు గద?"

"తల్లొస్తే ఆ రోజు కూలి పాయె. అందుకే శ్రీలతను గూడ మిర్చికే తోల్కపోతాంది. పరీక్షలు రాసుడు కష్టమే ఇగ."

సారు ఆ సాయంత్రం వచ్చి హెల్మెట్ తీశాడు. నేను మొదటిసారి ఆయన తల చూశాను. "నా గంట మంచిగ పనిచేస్తాంది తమ్మీ. అదే లొల్లి" అన్నాడు.

మర్నాడు పిల్లల ముందు అంతా చెప్పేశాడు. గంటను పది నిమిషాలు వెనక్కి జరుపుదామన్నాడు భానుచందర్. మిగతావాళ్లు కాదన్నారు, ముందు చూసి రావాలన్నారు. మూడు రోజులు వాళ్లు పొద్దున్నే ఆ వాడకు పోయి, అంగన్‌వాడీ నుంచి బడికి తామే ఉరుకుతూ ఫోన్లలో టైము చూసుకున్నారు. ఒకరోజు తొమ్మిదీ ముప్పై ఒకటి. ఒకరోజు ముప్పై ఎనిమిది, ఆ రోజు అంగన్‌వాడీ ఆయమ్మ తాళంచెవి మరిచిందట. ఒకరోజు ముప్పై నాలుగు.

"ఒక్క లెక్కకు దొరుకుత లేదు సార్!" అని భానుచందర్ గంతులేశాడు. వాడికి అది ఓటమి కాదు, కొత్త చిక్కు. "చూసేటోళ్లు గావాలె. సమ్మమ్మ చేతికి స్విచ్చిద్దాం. తొమ్మిదిన్నరకు పచ్చ బల్బు వెలుగుతది. ఆమె నొక్కితే గంట. నలభై దాక నొక్కకుంటే దానికదే మోగుతది."

ఆ స్విచ్చు నా కొట్టులోనే కుదిరింది. పిల్లలు నలుగురు బల్ల చుట్టూ చేరి ఒకరి మీద ఒకరు పడుతూ అరుస్తుంటే, బయట గిరాకీలు వెనక్కి పోయారు. పోనిమ్మన్నాను.

మేడం ఒప్పుకోలేదు. "ఆటోమేటిక్ అని రాసి పంపినం. మనిషి నొక్కుడేంది మళ్ల? ముందు ప్రైజు రానియ్యిండ్రి, తర్వాత మీ ఇష్టం." ప్రైజు వచ్చినా రాకపోయినా, గేటు మూసే ఉత్తర్వు పోకపోతే శ్రీలత రాదు. ఆ సంగతి సారుకు తెలుసు. అయినా ఆయన తల ఊపాడు. స్విచ్చు తీసేయమని భానుచందర్‌కు చెప్పాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. అందరూ ఇంతే అనుకున్నాను.

వరంగల్లో ప్రదర్శన రోజున హారను మోసుకుని నేనూ వెళ్లాను. వాళ్ల బల్ల వెనక పెద్ద చార్టు ఉంది. గంట మోగిన మొదటి రోజు ఆలస్యంగా వచ్చినవాళ్లు పన్నెండు మంది, వారం తిరిగేసరికి సున్నా. కళ్లద్దాల న్యాయనిర్ణేత ఆ సున్నా మీద వేలు పెట్టింది.

"చాలా బాగుంది. ఇంత త్వరగా ఎట్లా తగ్గింది బాబూ?"

భానుచందర్ నోరు తెరిచాడు. సారు వైపు చూశాడు. పక్కనే ఉన్న విజయలక్ష్మి మేడం వైపు చూశాడు.

"తగ్గలే మేడం. ఐదుగురే టైముకు వస్తాన్రు, ఏడుగురు రాకుండ అయిన్రు. వాళ్లు లేరు గనుకనే సున్నా."

విజయలక్ష్మి మేడం వాడి భుజం నొక్కింది. న్యాయనిర్ణేత దేవదానం సారు వైపు తిరిగింది. "నిజమేనా సార్?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. చార్టు దగ్గరికి వెళ్లి ఆ సున్నా ఉన్న ముక్కను పరపరా చింపాడు. "నిజమే మేడం. ఈ లెక్క తప్పు. పోరగాండ్లు దీన్ని సరిచేసిన్రు, నేనే ప్రైజు కోసం తీపిచ్చిన. స్విచ్చు ఏడున్నదిరా భానూ?"

"జేబులనే ఉన్నది సార్!" వాడు నాలుగు స్క్రూలు నోట్లో పెట్టుకుని అక్కడే బిగించేశాడు. చుట్టుపక్కల బళ్ల పిల్లలు మూగారు. వాడు కాలువ కట్ట, మిర్చి, అంగన్‌వాడీ అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాడు.

ఇంకో న్యాయనిర్ణేత నవ్వాడు. "మనిషి నొక్కితే మోగే ఆటోమేటిక్ గంటా?"

"అవున్సార్" అన్నాడు భానుచందర్. "మా సమ్మమ్మకు దూరం చూపు మస్తుగుంటది."

ప్రైజు పక్క బడి వాళ్ల రోబోకు పోయింది. కానీ కళ్లద్దాల ఆమె వెళ్తూ వెళ్తూ విజయలక్ష్మి మేడాన్ని నెమ్మదిగా అడిగింది, పదో తరగతి పిల్లలను గేటు బయట నిలబెడుతున్నారా అని. తిరుగు ప్రయాణంలో మేడం బస్సులో సారు పక్క సీట్లోకి వచ్చి కూర్చుంది. "ఆ ఉత్తర్వు చింపేస్త సార్. నేను గూడ ఆ రోజు లేటే గద" అంది.

సారు ఇంటికి పోలేదు. ధర్మసాగర్‌లో బస్సు దిగగానే నా బండి మీద నేరుగా మిర్చి చేనుకు పోనిమ్మన్నాడు. శ్రీలత, ఆమె తల్లి అరుణ సంచి కడుతున్నారు. మిగతా ఆరుగురి తల్లులూ అదే సాళ్లలో ఉన్నారు.

"మళ్ల గేటు మూస్తే?" అంది అరుణ.

"మూస్తే నేను గూడ బయటనే నిలవడత చెల్లే. నా లేట్లు మూడైతయి."

ఆమెకు నవ్వాగలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకు పచ్చ బల్బు వెలిగింది. బడి మొత్తం ఆవరణలో నిలబడి సమ్మమ్మ వేలు చూస్తోంది. ముప్పై రెండు. ముప్పై ఐదు. సారు గడియారం చూడలేక చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముప్పై ఏడుకు కట్ట మీద నీలం రంగు కదిలింది.

"ఒకటి, రెండు, మూడు..." పిల్లలంతా కలిసి లెక్కపెట్టారు. ఏడో పిల్ల కట్ట దిగగానే సమ్మమ్మ నొక్కింది. హారను మోతకు ఆ ఏడుగురూ ఇంకా గట్టిగా పరుగెత్తారు.

శ్రీలత రొప్పుతూ వచ్చి డబ్బా దగ్గర ఆగింది. ఇన్ని రోజులు మిర్చి ఏరిన వేళ్లు ఎర్రగా మండుతున్నాయి. వాటిని ఊదుకుంటూనే కొత్త స్విచ్చు అతుకు చూసి ముఖం చిట్లించింది.

"ఎవడు పెట్టిండు సార్ ఇది? రెండు రోజులకు ఊడుతది!"

"నువ్వే పెట్టాలె మళ్ల. ముందు నల్ల కాడికి పో బిడ్డా, చేతులు చల్లగ చేసుకో" అన్నాడు సారు. "పది నిమిషాలల్ల పరీక్ష పెడుతున్న. లేటు చెయ్యకు."