హబీబా ఇచ్చిన చేబదులు

ఎర్రమిట్ట ప్రభుత్వాసుపత్రిలో మందుల గది చూసే ఉమ్మే హబీబా ఆరేళ్లుగా ఎవరినీ "లేదు" అని పంపలేదు. తలనొప్పి మాత్రకొచ్చిన ముసలమ్మకైనా, పక్క ఊరి ఆసుపత్రికైనా ఎలాగో సర్దేది. ఆ మంచితనమే ఆ రోజు కొంప ముంచబోయింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు అంబులెన్సు నుంచి ఇమ్మానుయేల్ ఫోన్ చేశాడు.

"అక్కా, మామిడితోపులో జయరావనే కూలీని పాము కరిసినాది. పాము ఇసానికి మందు మీ కాడ పది సీసాలు ఉండాయని ఫోన్లో సూపిస్తా ఉండాది. ఇరవై నిమిషాల్లో వస్తాం."

హబీబా ఫ్రిజ్ తెరిచి చూసింది. ఏ ఆసుపత్రిలో ఏ మందు ఎంతుందో అంబులెన్సు వాళ్లకు ఫోన్లోనే కనపడేటట్టు చేసి ఏడాదైంది. ఫోన్లో పది, ఫ్రిజ్‌లో రెండు. మిగతా ఎనిమిదీ కొమ్మలగుట్ట ఆసుపత్రిలో మందులు చూసే పెంచలయ్య మొన్న చేబదులు పట్టుకెళ్లాడు. "ఫోన్లో ఎక్కిస్తే పైనుంచి అనుమతి రావాల, మూడు దినాలు పడతాది. మా సరుకు రాంగానే ఇచ్చేస్తా గదమ్మా" అంటే తలూపింది. ఇరుగుపొరుగు చక్కెర ఇచ్చిపుచ్చుకున్నట్టు మందులు ఇచ్చిపుచ్చుకోవడం వాళ్లకు ఎప్పటినుంచో అలవాటు.

పెంచలయ్యకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసినా ఎత్తలేదు. సీసాలు పగిలిపోయాయని చెప్పేస్తే సరి, అనిపించింది ఒక్క క్షణం. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇమ్మానుయేల్‌కు కలిపింది.

"ఈడికి రావద్దు. కొమ్మలగుట్టకు తిప్పు. ఎనిమిది ఆడ ఉండాయి, రెండు నేను తెస్తా."

"ఆడ సున్నా సూపిస్తా ఉండాదే అక్కా."

"అది నా తప్పు. నువ్వు తిప్పు."

ఐస్ పెట్టెను స్కూటీకి కట్టుకుని పన్నెండు కిలోమీటర్లు పోయింది. దారంతా ఒకటే భయం: పెంచలయ్య వాటిని ఇంకెవరికైనా ఇచ్చేసి ఉంటే? ఆమె చేరేసరికి జయరావు రెప్పలు వాలిపోతున్నాయి. పెంచలయ్య చేతిలో ఐదే సీసాలున్నాయి.

"మూడు నిన్న ఒకాయమ్మకు వాడినాము" అన్నాడు, తలెత్తకుండా.

అక్కడి డాక్టరమ్మ ఉన్న ఏడూ ఎక్కించి, మిగతా మోతాదు తిరుపతి పెద్దాసుపత్రిలో ఎక్కించమని అదే అంబులెన్సులో పంపింది. నాలుగింటికి ఇమ్మానుయేల్ ఫోన్: "కండ్లు తెరిసినాడక్కా." హబీబా కొమ్మలగుట్ట వరండాలోనే కూలబడి ఏడ్చేసింది.

"గండం గడిసింది గదమ్మా" అన్నాడు పెంచలయ్య. "ఎనిమిదీ మీ ఆసుపత్రిలోనే వాడినట్టు ఎక్కించేయ్. ఎవురు సూస్తారు?"

"ఇమ్మానుయేలు సూస్తాడన్నా. ఫోన్లో ఉండేది నిజమని నమ్మే గదా ఆయప్ప బండి తిప్పేది."

ఫోన్ తెరిచింది. సరుకు తగ్గడానికి చూపే కారణాల్లో వాడకం, కాలం చెల్లడం, పగలడం ఉన్నాయి గానీ చేబదులు లేదు. "ఇతరములు" నొక్కి, "ఎనిమిది సీసాలు చెప్పకుండా చేబదులు ఇచ్చాను" అని రాసింది. ఈ రోజు తెచ్చిన రెండూ లెక్కలోంచి తీసేసింది. రేపు చిత్తూరు జిల్లా ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతారని తెలుసు, అయినా పంపేసింది. ఎర్రమిట్ట పక్కన సున్నా పడింది. ఎవరినీ లేదని పంపని మనిషి, జిల్లా అంతటికీ లేదని చెప్పింది.